నూట పన్నెండు కవర్లు

పొద్దుటినుంచి టీ కప్పులు కడగడం ఇది నాలుగోసారి. ఇంట్లో ఉన్నవి పద్దెనిమిది కప్పులు. వచ్చిన జనం ఎనభైకి తక్కువ లేరు. అందుకని వంటింటి కిటికీలోంచి ఖాళీ కప్పులు లోపలికి రావడం, నిండినవి బయటికి పోవడం, మధ్యలో, కుట్టుమిషను తొక్కుతుందని అందరూ మిషనమ్మ అని పిలిచే ఆ ఇల్లాలి చేతులు నీళ్ళలో నానడం. వేలానికి ఇంకా మూడు రోజులుంది. కొనదలచినవాళ్ళు ముందుగా వచ్చి షెడ్లలోని పాత కార్లు చూసుకోవచ్చని వేలం కంపెనీవాళ్ళు పేపర్లో వేయించారు. చూడవచ్చినవాళ్ళకు టీ ఇవ్వబడునని వాళ్ళు వేయించలేదు. అది ఆమె భర్త షెడ్డు దగ్గర నిలబడి అక్కడికక్కడే ప్రకటించాడు. “మా ఇంటికొచ్చి టీ తాగకుండా వెళ్తారా, భలేవారే!” అన్నాడు. అనడానికి నోరు చాలు. పెట్టడానికి వంటిల్లు, పాలు, పొయ్యి, రెండు కాళ్ళు, ఒక నడుము కావాలి, అవన్నీ ఆమెవి.

కిటికీ దగ్గరికి కళ్ళజోడు పెద్దాయన ఒకాయన వచ్చి నిలబడ్డాడు. పాత కార్లంటే ప్రాణం పెట్టే మనిషట, ఎంతో దూరం నుంచి వచ్చాడట. కళ్ళజోడు తీసి రుమాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

“ఈ ఇంటి ఇల్లాలు మీరేనామ్మా?”

“అవునండీ. చక్కెర తక్కువైందా?”

“చక్కెర కాదమ్మా. ఆ ఆకుపచ్చ బండి చూసి వస్తున్నాను. అలాంటివి ప్రపంచం మొత్తంమీద ఇంకెన్ని మిగిలి ఉంటాయి? సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. తలుపు పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది.” కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. “వారానికొక్కసారి పొడిగుడ్డ పెట్టి తుడిస్తే మీ సొమ్మేం పోయేదమ్మా? ఆడచెయ్యి పడని వస్తువు బతుకుతుందా?”

మిషనమ్మ కప్పు కడగడం ఆపి ఆయన్ని చూసింది. ఆ కన్నీళ్ళు నిజమైనవే. ఈ ఇంటికి కోడలై వచ్చిన ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఈ గేటు లోపల ఒక మగవాడు కన్నీళ్ళు పెట్టుకోవడం ఆమె ఇదే చూడటం. అదీ ఒక తలుపు ఊడినందుకు.

“ఇంకో మాటమ్మా, ఏమీ అనుకోకండి,” అన్నాడాయన. “ఆ కవర్లు ఎవరు కుట్టారో గానీ మహాపాపం చేశారు. మందపాటి గుడ్డతో గాలి ఆడకుండా కప్పెట్టేశారు. తడి లోపలే ఉండిపోయి ఇనుమును తినేసింది. సగం బండ్లను చంపింది ఆ కవర్లే.”

ఈలోగా భర్త వెనకనుంచి వచ్చి పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. “మా ఆవిడేనండీ. ఇంట్లో మిషనుంది కదా, ఏదో ఒకటి కుడుతూ ఉంటుంది. నేను అప్పుడే వద్దన్నాను. వింటేనా!” అని నవ్వాడు. పెద్దాయన కూడా తడికళ్ళతోనే నవ్వాడు. ఇద్దరూ చెరో కప్పు తీసుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయారు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వేడినీళ్ళలో ఉన్న చేతులకంటే ఎక్కువగా మండింది. నూట పన్నెండు కవర్లు. ఒక్కొక్క దానికి పొడవు, వెడల్పు, ఎత్తు, అద్దాల దగ్గర ఎంత పొంగు, వెనక డిక్కీ దగ్గర ఎంత వాలు, అన్నీ చీటీ మీద రాసి మిషను మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన స్పానరు బరువు పెట్టి పోయింది ఎవరు? “రేపటికల్లా కావాలి, మంచు పడుతుంది” అన్నది ఎవరు? బడిపిల్లల యూనిఫారాలు, పొరుగింటివాళ్ళ దిండు గలీబులు పక్కకు నెట్టి, వేలికి సూది దిగినా మందపాటి గుడ్డను తొక్కుతూ కూర్చున్నది ఎవరు? వద్దన్నాడట. అప్పుడే అన్నాడట.

ఆ ఇల్లు ఒకప్పుడు కట్టెల అడితి. మామగారు దుంగలు కోయించి అమ్మేవాడు. దుంగల కోసం కట్టిన మూడు పెద్ద రేకుల షెడ్లు, వాటి ముందు లారీ తిరిగేంత ఖాళీ, ఓ మూలన ఇల్లు. మామగారు పోయాక వ్యాపారం మూతపడింది. భర్త అప్పటికే బండ్ల పన్ను కట్టించుకునే ఆఫీసులో ఉద్యోగస్థుడు. ఎక్కడెక్కడ ఏ పాత కారు దిక్కులేకుండా పడి ఉందో, ఎవరి తాతగారి బండి వారసులకు భారమైందో ఆయనకు అందరికంటే ముందు తెలిసేది. మొదటి ఏడాది రెండు వచ్చాయి. తర్వాత ఏడాదికి మూడు, నాలుగు, ఒక్కో ఏడు ఏడెనిమిది. ప్రతి బండీ వచ్చినప్పుడు ఒకటే మాట: “బాగుచేస్తే చూడు, రోడ్డు మీద జనం ఆగి దండం పెడతారు.” ముప్ఫై ఏళ్ళలో ఒక్కటంటే ఒక్కటి గేటు దాటి సొంత కాళ్ళ మీద బయటికి పోలేదు. బండ్లు తెచ్చుకోవడంలో ఉన్న హుషారు ఆయనకు బాగుచేయడంలో లేదు. కొత్తది రాగానే పాతది వెనక్కి జరిగేది. షెడ్లు నిండాక వరండాలోకి ఇంజన్లు వచ్చాయి, ముందు గదిలోకి తలుపులు వచ్చాయి, కూతురు చదువుకునే బల్ల మీదికి దీపాలు, మీటర్లు వచ్చాయి. కుట్టుమిషను ముందు గది కిటికీ దగ్గర వెలుతుర్లో ఉండేది. అక్కడినుంచి వరండాలోకి, వరండాలోంచి పక్క సందులోకి, చివరికి వంటింట్లో బియ్యం డబ్బా పక్కకి పోయింది. కుట్టు కోసం వచ్చే ఆడవాళ్ళు ఇంజను నూనె మీద కాలు పడకుండా గోడ పట్టుకుని నడిచేవాళ్ళు. కొన్నాళ్ళకు సగంమంది రావడం మానేశారు.

తుడవలేదట! కొత్త కోడలిగా ఉన్నప్పుడు, మొదట్లో వచ్చిన తెల్ల బండి మీద వేలెడు మందాన దుమ్ము చూసి, తడిగుడ్డ పట్టుకుని వెళ్ళింది. భర్త పరుగెత్తుకుంటూ వచ్చి గుడ్డ లాక్కున్నాడు. “ముట్టుకోకు! ఒరిజినల్ పోతుంది!” దుమ్ము కూడానా అని అడిగింది. దుమ్ము కూడా ఒరిజినలే అన్నాడు. ఆ రోజునుంచి ఆ మాట ఇంటి శాసనమైపోయింది. తుప్పు ఒరిజినల్. చిరిగిన సీటు ఒరిజినల్. అందులో ఎలుక పెట్టిన పిల్లలు కూడా ఒరిజినలేమో, వాటినీ కదిలించనిచ్చేవాడు కాదు. ఇంట్లో ఒరిజినల్ కానిది తనొక్కతే అనిపించేది ఆమెకు. ఆమెను మాత్రం రోజూ మార్చుకుంటూ పోవచ్చు.

అత్తగారికి చెప్పుకుంటే, “మగాడన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుందే. తాగుడు లేదు, పేకాట లేదు. ఇనుమే కదా, సంతోషించు,” అనేది. సంతోషించడానికి ఆమె నిజంగానే ప్రయత్నించింది. తాగుబోతుల పెళ్ళాలను చూసి కొన్నేళ్ళు సంతోషించింది కూడా.

ఇంకో సంగతి ఉంది. ఆ ఆఫీసులో పనిచేసేవాళ్ళ పేరు మీద ఒకటికి మించి బండి ఉంటే పైవాళ్ళకు సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందుకని నూట పన్నెండు బండ్లూ మిషనమ్మ పేరు మీదే ఉన్నాయి. పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టింది. ఏమిటని అడిగితే, “నీ పేరు మీదేగా, నీకే లాభం,” అనేవాడు. పేరొకరిది, పెత్తనం ఒకరిది. నూట పన్నెండు కార్ల యజమానురాలు కుట్టిన యూనిఫారాలు సంచిలో వేసుకుని బడిదాకా నడిచివెళ్ళి ఇచ్చి వచ్చేది.

కవర్ల లోపలి అంచుల మీద ఆమె కుట్టిన గుర్తుల సంగతి ఇలా మొదలైంది. కుట్టుపనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి గుడ్డ ఎవరిదో కలిసిపోకుండా, లోపలి అంచు మీద దారంతో ఒక గుర్తు కుట్టుకుంటారు. మిషనమ్మ పేర్లు కుట్టేది కాదు; “ఎడమ భుజం వాలు” అనో, “పొట్టి టీచరు” అనో తనకు తెలిసేలా కుట్టుకునేది. బండ్ల కవర్లకూ అదే చేసింది. బండి పేర్లు, మోడళ్ళు ఆమెకేం తెలుసు? ఏ బండి ఏ రోజున గేట్లోకి వచ్చిందో తెలుసు, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో తెలుసు. పిల్లకు ఒళ్ళు కాలిపోతుంటే, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన మనిషి లారీ వెనక నిలబడి తాడు విప్పిన రోజు వచ్చిన బండి కవరు మీద “పిల్ల జ్వరం” అని కుట్టింది. అన్నయ్య పెళ్ళికి పెట్టె సర్దుకున్నాక, బండి దించడానికి మనిషి ఉండాలని ప్రయాణం ఆపేయించిన రోజుది “వెళ్ళనిది.” మిషను వెలుతుర్లోంచి బయటికి పోయిన రోజుది “కిటికీ.” ఎర్రదారంతో, లోపలి వైపు, ఎవరి కంటా పడకుండా. ఒక్కోసారి ఏడుస్తూ కుట్టింది, ఎక్కువసార్లు పళ్ళు బిగించి కుట్టింది.

మూడో షెడ్డులో గోడ వారగా ఉన్న నీలం బండి కవరు మీద “ఐదో నెల” అని ఉంటుంది.

నెల క్రితం, వేలం కంపెనీతో మాటలన్నీ అయిపోయాక, ఆమె భర్తను అడిగింది ఆ ఒక్క దాని గురించే. రిటైరయ్యాక మోకాళ్ళు సహకరించక, షెడ్డు కప్పు ఒక పక్క కూలి, ఆయనే అమ్మకానికి పెట్టాడు. ఆమె అభిప్రాయం ఎవరూ అడగలేదు. అన్నం వడ్డిస్తూ తనే అంది: “ఆ నీలం బండి ఒక్కటి వేలంలో పెట్టకండి. దాన్ని పాత ఇనుము వాళ్ళకిచ్చేద్దాం. నా కళ్ళముందు ముక్కలు కోయించాలి.”

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని పకపకా నవ్వాడు. “మతి పోయిందా నీకు? మొత్తానికి అదే పెళ్ళికూతురు. ఆఖర్న పెట్టిస్తున్నాను. దాని కోసమే సగంమంది వస్తారు.”

ఎందుకు అని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేది. ఆయనకు తెలియని విషయమేమీ కాదు. ఆ రోజు ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన స్టీరింగు పట్టుకుని ఉన్నాడు.

వాన పడుతున్న మధ్యాహ్నం. లారీవాడు గేటు బయటే బండి దించేసి పోయాడు. గేటు దగ్గర కొంచెం ఎత్తు, ఆ ఎత్తు ఎక్కితే తర్వాత షెడ్డుదాకా పల్లమే. “ఒక్క తోపు తొయ్యి, అదే దొర్లిపోతుంది,” అన్నాడు. డాక్టరు బరువులు ఎత్తొద్దందని ఆమె చెప్పింది. “ఎత్తమన్నానా? తొయ్యమన్నాను,” అన్నాడు. మీరు తోయండి, నేను లోపల కూర్చుంటానంది. “స్టీరింగు నీకేం తెలుసు? గోడకు గుద్దితే?” అన్నాడు. ఆమె తోసింది. ఒక తోపు కాదు, పదకొండు. పదకొండో తోపుకు బండి ఎత్తెక్కింది, ఆమె లోపల ఏదో జారింది. సాయంత్రానికి ఆసుపత్రి మంచం మీద ఉంది. పక్కన కుర్చీలో భర్త, పరామర్శకు వచ్చిన తన స్నేహితుడితో గొంతు తగ్గించి చెబుతున్నాడు: “అదృష్టంరా, అంత వానలో తోసినా బండికి ఒక్క గీత పడలేదు.” ఆమె కళ్ళు మూసుకుని ఉంది గానీ నిద్రపోలేదు. నాలుగు రోజుల తర్వాత ఇంటికి వస్తే మిషను మీద కొత్త కొలతల చీటీ ఉంది. పైన స్పానరు.

పోయినవాడు మగపిల్లాడని నర్సు చెప్పింది. వాడికి పేరు లేదు, గుర్తు లేదు, ఈ లోకంలో వాడున్నాడనడానికి ఎర్రదారంతో రాసిన రెండు మాటలు తప్ప ఏమీ లేవు.

వేలం మాటలయ్యాక, కంపెనీ తరఫున బండ్ల వివరాలు రాసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. జుట్టు పైకి ముడేసుకుని, షెడ్లలో దుమ్ములో వారం రోజులు పాకింది. కవర్లు తిరగేస్తుంటే గుర్తులు కనబడ్డాయి. వంటింటి గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

“ఆంటీ, కవర్ల లోపల ఏదో కుట్టి ఉంది. ‘కిటికీ’ అని ఉంది, ‘వెళ్ళనిది’ అని ఉంది. మీరు కుట్టినవేనా?”

“కుట్టింది నేనే.”

“ఏంటి వాటర్థం? వేలం పుస్తకంలో వేస్తే చాలా బాగుంటుంది. నీలం బండి మీద ‘ఐదో నెల’ అని ఉంది చూడండి, అదేంటి?”

మిషనమ్మ సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒక్కసారికే ఎక్కే దారం ఆ పూట ఎక్కలేదు. చెప్పేద్దామనుకుంది. కానీ ఇన్నేళ్ళుగా లోపల పెట్టుకున్న కోపానికి అప్పుడొక ఆలోచన వచ్చింది. “ఆయన్ని అడుగు,” అంది. “మిగతావన్నీ మర్చిపోయినా, ఆ ఒక్కటీ ఆయనకు గుర్తుండాలి.”

అదే పరీక్ష. ఆ మాట విని భర్త ఒక్క క్షణం మాట రాక నిలబడినా చాలు. అది వద్దులే అమ్మాయ్ అన్నా చాలు. తను నోరెత్తదు, బండి ఎటైనా పోనీ, ఎవడైనా కొనుక్కోనీ. ఆయనకు గుర్తుందని తెలిస్తే పిల్లాడు ఇద్దరికీ పోయినట్టవుతుంది. లేకపోతే వాడు ఆమెకొక్కదానికే పోయినట్టు.

అమ్మాయి సాయంత్రం నవ్వుకుంటూ తిరిగి వచ్చింది. “అంకుల్ చెప్పలేదాంటీ. అవన్నీ ఆయన కోడ్ గుర్తులట. వేలం రోజు మైకులో స్వయంగా చెప్తారట. సస్పెన్సట!”

కవర్లు పాపమైతే మిషనమ్మవి. కవర్ల మీద గుర్తులు ముచ్చటైతే ఆయనవి. సొమ్మొకడిది సోకొకడిది. ఆమె చూద్దాం అనుకుంది.

ఈ మూడు రోజులూ జనం మాటలు విని విని చెవులు చిల్లులు పడ్డాయి. పేపర్లో షెడ్డు ఫోటో వేసి “మూగబోయిన రాజసం” అని రాశారు. మరిది రోజూ వచ్చి ఫోను తీసి, ఆ ఫోటోల కింద ఎవరెవరో రాసినవి పైకి చదివేవాడు. “ఇది విను వదినా. ‘గుండె తరుక్కుపోయింది, రాత్రంతా నిద్ర లేదు.’ ఇంకొకాయన, ‘ఇంత నిర్లక్ష్యమా, ఇది హత్యతో సమానం’ అంటున్నాడు. ఇదిగో, ఇది నీ గురించే! ‘పాపం ఆయనొక్కడు ఏం చేయగలడు, ఇంట్లో ఆడవాళ్ళ సహకారం ఉండి ఉంటే వీటికి ఈ గతి పట్టేది కాదు’ అట!” అని కడుపు పట్టుకుని నవ్వాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా? రోడ్డు పక్కన పడి ఉన్నప్పుడు వాటిని చూసినవాడు లేడు. ఇప్పుడు ఒక్కొక్కడికి నిద్ర పట్టడం లేదు. హత్య అట. ఈ అడితిలో జరిగిన హత్య ఏదో, అది ఎవరిదో, ఆ రాసినవాళ్ళను పిలిచి గేటు దగ్గర నిలబెట్టి చెప్పాలనిపించింది. బ్యాంకులో పనిచేసే కూతురు ఫోను చేసి, “అన్నీ పోతున్నాయి కదమ్మా, మిషను మళ్ళీ కిటికీ దగ్గర పెట్టుకో. ఇంకా కోపమెందుకు?” అంది. మంచిపిల్ల. కానీ ఆ ‘ఇంకా’ అన్న మాట మిషనమ్మను రెండు రోజులు గుచ్చింది.

వేలం రెండు రోజులు పెట్టారు. షెడ్ల ముందు ఖాళీలో టెంటు వేసి, కుర్చీలు పరిచి, మైకు పెట్టారు. పాట నడిపే ఆయన చేతిలో చిన్న చెక్క సుత్తి. సుత్తి కొట్టడమే వృత్తి గనక, ఒక్కో బండికి పది నిమిషాలు తక్కువ కాకుండా కొట్టాడు. ఆ కంపెనీకి ఒక నియమం ఉంది. ఒకటోసారి, రెండోసారి అన్నాక, మూడోసారి అనే ముందు, కాగితాల్లో పేరున్న మనిషి తల ఊపాలి. ఊపితేనే సుత్తి పడుతుంది. అది తెలిసినప్పుడు భర్త కాస్త చిరాకుపడి, తర్వాత మార్గం కనిపెట్టాడు. “నువ్వు నా పక్కనే కూర్చో. నేను మోచేత్తో తట్టగానే తల ఊపు. ఇంకేం ఆలోచించకు,” అన్నాడు.

మొదటి రోజు అరవైసార్లు మోచెయ్యి తగిలింది. అరవైసార్లు తల ఊపింది. రెండో రోజు మధ్యాహ్నానికి ఎడమ డొక్కలో ఒకేచోట నొప్పి మొదలైంది. ఆమె పట్టించుకోలేదు, ఆమె చెవులు మైకు మీద ఉన్నాయి. బండి బయటికి రాగానే భర్త లేచి గుర్తు చదివి అర్థం చెప్పి, మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాడు. “ ‘పిల్ల జ్వరం’ అంటే ఏమిటో తెలుసా? దీనిది చిన్న ఇంజను. పిల్ల ఇంజను. త్వరగా వేడెక్కుతుంది. అదే జ్వరం!” జనం చప్పట్లు. “ ‘కిటికీ’ అంటే దీనికి అద్దాలన్నీ ఒరిజినల్ అని గుర్తు.” మళ్ళీ చప్పట్లు. “ ‘వెళ్ళనిది’... హహ, ఇది స్టార్టవ్వదు!” టెంటంతా ఘొల్లుమంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు కదా, ఆయన పల్లకీలో ఊరేగుతున్నాడు. ఆయన అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు. ఆ గుర్తులకు ఇంకో అర్థం ఉండవచ్చని ఆయనకు తోచనే లేదు. కూతురి జ్వరం పోయింది, అన్నయ్య పెళ్ళి పోయింది. పోనీ, అవి చిన్నవి, మర్చిపోయాడు, అనుకుంది మిషనమ్మ. ఆ ఒక్కటి మర్చిపోడు. ఏ మనిషీ మర్చిపోలేడు.

నూట పన్నెండోది వచ్చింది. నలుగురు తోసుకుంటూ తెచ్చి ఎండలో నిలబెట్టారు. నీలం రంగు అక్కడక్కడ ఇంకా మెరుస్తోంది. ఒక్క గీత లేదు. కుర్చీల్లో అందరూ లేచి నిలబడ్డారు. కళ్ళజోడు పెద్దాయన రుమాలు తీశాడు. కంపెనీ అమ్మాయి కవరు మడిచి, లోపలి అంచు కనబడేలా ఎత్తి పట్టుకుంది. ఎర్రదారం కాస్త వెలిసింది గానీ, అక్షరాలు అక్షరాల్లానే ఉన్నాయి.

భర్త ఆ అంచును చేత్తో పట్టుకుని చదివాడు. “ఐదో నెల.” ఆగాడు. మిషనమ్మ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. ఆయన మొహంలోకి చూసింది, కంటిరెప్ప ఒక్కటైనా తడబడుతుందేమోనని. ఆయన ఆగింది జనం సద్దుమణగడానికి.

“ఇదే అన్నిటికంటే గొప్ప రహస్యం,” అన్నాడు. “ఈ బండి ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చింది ఆ ఏడాది ఐదో నెలలో. ఆరో నెలనుంచి ముందు దీపాల డిజైను మార్చేశారు. అంటే పాత దీపాలతో పుట్టిన ఆఖరి సంతానం అన్నమాట ఇది! అందుకే దీనికి ఆ గుర్తు వేయించాను.”

చప్పట్లు ఆగకుండా మోగాయి. భర్త వచ్చి కూర్చుని చెమట తుడుచుకున్నాడు. పాట మొదలైంది. ఐదో నెల బండి అని కేకలు వేస్తూ ఒకరిని మించి ఒకరు పాడారు. ఆ మాట మగ గొంతుల్లో అటూ ఇటూ ఎగురుతుంటే ఆమెకు కోపం ఎగదన్నింది. వాళ్ళెవరి మీదా కాదు. ఆఖరి సంతానమట. ఆయన నోటితోనే అన్నాడు. అని కూడా ఏమీ గుర్తు రాలేదు.

“ఒకటోసారి!” అన్నాడు సుత్తాయన. “రెండోసారి!” ఆమె వైపు చూశాడు.

మోచెయ్యి తగిలింది. ఆమె కదల్లేదు. మళ్ళీ తగిలింది, ఈసారి గట్టిగా. “ఊపవే,” అన్నాడు భర్త పళ్ళ మధ్యనుంచి. “అందరూ చూస్తున్నారు.”

మిషనమ్మ లేచి నిలబడింది.

“ఆ గుర్తు కుట్టింది నేను,” అంది. వెనకవాళ్ళకు వినబడలేదు. కంపెనీ అమ్మాయి చేతిలో కవరు అలాగే ఉండగా, రెండో చేత్తో మైకు తెచ్చి ఆమె నోటి ముందు పెట్టింది. ఆ అమ్మాయికి అర్థమైనట్టుంది. మిషనమ్మ మళ్ళీ అంది: “అన్ని గుర్తులూ నేనే కుట్టాను. ఆ ఐదో నెల బండిది కాదు. నాది. గేటు దగ్గర ఈ బండిని తోసిన రోజు నాకు ఐదో నెల. తోయమన్న మనిషి ఈయనే. బండికి గీత పడలేదు.”

పెద్దాయన రుమాలు మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. మరిది నేలచూపులు చూస్తున్నాడు. భర్త ఆమె చెయ్యి పట్టి కిందికి లాగుతూ, మొహమంతా అయోమయంగా, నిజంగానే తెలియక అడిగాడు: “ఏ ఐదో నెల? ఎప్పుడే?”

ఆమె ఆ చెయ్యి విడిపించుకుంది. అరవడం కూడా అనవసరమనిపించింది. కోపం పోయి కాదు, అది ఇప్పుడు నిలబడటానికి పనికొస్తోంది గనక.

సుత్తాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనకు ఆయన పని ఉంది. “పాట రెండోసారి మీద ఆగి ఉందండీ. కాగితాల్లో పేరు మీది. మీ మాట చెప్పాలి. అమ్ముతున్నట్టేనా?”

“నేను అమ్మను.”

మైకులోంచి పోయిన ఆ రెండు మాటలు మూడు షెడ్ల రేకులకూ తగిలి తిరిగి ఆమె దగ్గరికే వచ్చాయి. అప్పుడు గానీ తను ఏమందో ఆమెకు తెలియలేదు. సరిగా వినబడలేదేమోనని సుత్తాయన ఇంకోసారి అడిగాడు. ఈసారి తెలిసే అంది.

“నేను అమ్మను.”